పాత ఇంజను ఫొటోకి ఏడాది కట్టేదెలా

బెజవాడ స్టేషన్లోనో గుంటూరు యార్డులోనో తీసిన బొగ్గింజను ఫొటో ఎవరైనా పంచుకుంటే దాని కింద చాలాసార్లు "పాత జ్ఞాపకం" అని మాత్రమే ఉంటుంది. ఏ ఇంజనో, ఏ కాలమో తెలియకపోతే ఆ ఫొటో విలువ సగం పోయినట్టే. కాస్త ఓపికగా చూస్తే ఆ రెండూ ఫొటోలోనే దొరుకుతాయి.

ముందు గేజి, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు, తేల్చుకోవాలి: వెడల్పైనది బ్రాడ్‌గేజి, ఇరుకైనది మీటరుగేజి. పట్టాలు కనబడకపోయినా ఇంజను ముఖం కనబడితే చాలు. బ్రాడ్‌గేజి ఇంజనుకి రెండు పక్కలా గుండ్రటి బఫర్లు (గుద్దుకున్నప్పుడు అదురుని ఆపే బిళ్లలు) ఉంటాయి, మీటరుగేజికి నడిమధ్య ఒక్కటే. గుంటూరులో 1990ల దాకా రెండు గేజిలూ ఉండేవి కాబట్టి అక్కడి ఫొటోలకి ఈ పని మానకూడదు.

తర్వాత చక్రాలు. ఫొటోలో కనబడేది ఒక పక్కే కదా. ముందు రెండు చిన్నవి, మధ్యలో మూడు పెద్దవి, వెనక ఒకటి ఉంటే చాలావరకు పాసింజరు ఇంజనే: బ్రాడ్‌గేజిలో ఎక్కువగా డబ్ల్యూపీ రకం, మీటరుగేజిలో వైపీ. ముందొకటి, మధ్యలో నాలుగు, వెనకొకటి ఉంటే చాలావరకు గూడ్సుది: ఎక్కువగా డబ్ల్యూజీ లేదా వైజీ. డబ్ల్యూపీని పోల్చుకోవడానికి లెక్క కూడా అక్కర్లేదు, నక్షత్రం పెట్టిన ఆ బుల్లెట్ ముక్కు ఇంకే ఇంజనుకీ లేదు. క్యాబ్ (డ్రైవరు గది) పక్కనున్న నంబరు దీన్ని ఖాయం చేస్తుంది. డబ్ల్యూపీ నంబర్లు 7తో, వైపీవి 2తో మొదలవుతాయి.

కాలం చెప్పేది టెండరు (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) మీది అక్షరాలు. ఎం.ఎస్.ఎం. అని ఉంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే రోజులు. ఎస్.ఆర్. (దక్షిణ రైల్వే) ఉంటే ఆ రైల్వే ఏర్పడిన 1951 ఏప్రిల్ 14 తర్వాతిది, ఎస్.సీ. (దక్షిణ మధ్య రైల్వే) లేదా హిందీలో ద.మ. ఉంటే అది ఏర్పడిన 1966 అక్టోబరు 2 తర్వాతిది. పొరపాటు జరిగేది ఇక్కడే. కొత్త రైల్వే ఏర్పడిన రోజునే ఇంజన్లన్నిటికీ కొత్త రంగు వెయ్యరు, వర్క్‌షాపుకి వెళ్లినప్పుడే వేస్తారు. అందుకని ఎస్.సీ. కనబడితే "1966 తర్వాత" అని ధైర్యంగా రాయొచ్చు గానీ, ఎస్.ఆర్. ఉన్నంత మాత్రాన "1966కి ముందు" అనకూడదు. పైగా గుంతకల్లు డివిజన్ 1977 దాకా దక్షిణ రైల్వేలోనే ఉంది. అటునుంచి గుంటూరు వచ్చిన మీటరుగేజి ఇంజను మీద 70ల్లోనూ ఎస్.ఆర్. ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇంజను మీద దాని షెడ్డు (ఇంజన్లని నిలిపి బాగుచేసే చోటు) కోడు బీజడ్ఏ అని ఉంటే విజయవాడది. ఊరి పేరు మారినా, బెజవాడ నాటి కోడే ఇప్పటికీ నడుస్తోంది. షెడ్డు పేరు ఇంజను ఎక్కడిదో చెబుతుంది, ఫొటో ఎక్కడ తీశారో చెప్పదు.

పైన కరెంటు తీగలూ పనికొస్తాయి. మద్రాసు లైను విద్యుదీకరణ 1980 నాటికి విజయవాడ చేరింది. స్టేషన్లో ఆవిరింజను మీద తీగలు కనబడితే ఇంచుమించు ఆ రోజులదే.

ఇక స్కానింగ్. పోస్టుకార్డు సైజు ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), 35 ఎంఎం నెగెటివ్‌కి 2400కి తగ్గకూడదు. నలుపు తెలుపు నెగెటివ్‌కి స్కానర్‌లోని దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఆపెయ్యండి. ఫిల్ములోని వెండి ఆ కిరణాల్ని అడ్డుకోవడంతో స్కానరు బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. మన కోస్తా తేమకి ఒకదానికొకటి అతుక్కుపోయిన ప్రింట్లని లాగి విడదీస్తే పైపొర ఊడొస్తుంది, వాటిని ఫొటోలు బాగుచేసే వాళ్లకి అప్పగించడమే మేలు. ప్రింటు వెనక వైపు కూడా స్కాన్ చెయ్యండి, స్టూడియో ముద్రో పెన్సిలు రాతో ఉండొచ్చు.

మసక నంబరుని ఏఐ యాప్‌తో తేటపరచొద్దు. అది 3ని 8గా కల్పించి గీసేస్తుంది, తర్వాత ఆ తప్పే అందరి నోటా నిజమైపోతుంది. కనబడని అంకె దగ్గర చుక్క పెట్టి వదిలెయ్యండి.