గండికోట గాలికి లొంగని సంగటి

మళ్లీ ఉండలే! పైకి నున్నగా ఉన్న ముద్ద విరిస్తే లోపల గోళీకాయంత పొడిపిండి. గండికోటలో ఆరుబయట వంట, 12 మందికి నాటుకోడి పులుసు కుదిరింది. పొద్దున ఉగ్గానికి కిలో బొరుగులు, 150 గ్రాముల పుట్నాలపొడి సరిగ్గా సరిపోయాయి. సంగటి ఒక్కటే సతాయిస్తోంది.

కొలతలు ఇవీ: నూకలు 800 గ్రాములు, రాగిపిండి 900, నీళ్లు 5 లీటర్లు. పది లీటర్ల అల్యూమినియం గిన్నె, ఐదు కిలోల సిలిండర్ నెత్తిన బిగించే బర్నర్. నూకలు మెత్తబడ్డాక పిండి కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడిమధ్య బొక్క పెట్టి, మూతేసి సన్నమంట మీద 10 నిమిషాలు. చెడింది ఇక్కడే. పొద్దుగూకితే పెన్న లోయ వైపు నుంచి గాలి ఆగి ఆగి కొడుతుంది. సన్నమంట పెడితే ఆరిపోతుంది, పెంచితే అడుగంటుతుంది. గాలి తగిలే వైపు ఎసరు కదలదు, అవతలి వైపు తెర్లుతుంది. పదో నిమిషంలో థర్మామీటర్ గుచ్చితే అంచున 94 డిగ్రీలు, కుప్ప నడుమ 56. పిండి ఉడికి చిక్కబడాలంటే 70 అయినా దాటాలి. ఇంకో పది నిమిషాలు ఉంచితే నడుమ 63కు వచ్చింది, అప్పటికే కింద మాడు వాసన.

గాలి ఒక్కటే కారణమని అనిపించడం లేదు. నలుగురికి 300 గ్రాములు పోస్తే కుప్ప రెండంగుళాలు కూడా ఉండదు. 900 పోస్తే నాలుగు దాటింది. పైపొర తడిసి జిగురై, లోపలికి నీళ్లు పోనివ్వదు. అంత కుప్పకు ఒక్క బొక్క చాలదు, ఐదారు పెట్టాలి. పిండి మీదా అనుమానమే. ప్యాకెట్ పిండి మరీ మెత్తన, వెంటనే జిగురు పడుతుంది. రాగులు కొని మిల్లులో కాస్త బరకగా పట్టించుకోవడమే మేలు. బియ్యం విషయానికొస్తే, కర్నూలు సోనా పప్పన్నానికి బంగారమే గానీ సంగటికి పనికిరాదు, మెతుకు విడివిడిగా ఉంటుంది. స్టోరు బియ్యం నూకే ముద్దను పట్టి ఉంచుతుంది.

గాలికి అడ్డంగా చుట్టూ రేకు పెట్టమనేవాళ్లున్నారు. సిలిండర్ మీదే బర్నర్ ఉన్నప్పుడు ఆ పని అస్సలు చేయకూడదు, వేడంతా సిలిండర్‌కు, వాల్వుకు కొడుతుంది. ట్యూబుతో విడిగా ఉండే పొయ్యి తీసుకుని, దానికి మాత్రం మూడు వైపులా రేకు కట్టి, సిలిండర్‌ను మీటరు దూరంలో ఉంచాలి. నెత్తిన బర్నర్ టీకి చాలు, 12 మంది వంటకు కాదు.

ఈసారి రెండు గిన్నెలు. ఒక్కో గిన్నెకు 100 గ్రాముల పిండి అర లీటరు చన్నీళ్లలో అంబలికి కలిపినట్టు కలిపి ఎసట్లో పోయడం, మిగతా 350 రెండు విడతలుగా వేయడం. అంబలి నీళ్లు ఆ 5 లీటర్లలోంచే. ఐదు నిమిషాలు ఉడికాక దించి, మూత బిగించి, గోనెసంచిలో, పైన దుప్పటిలో చుట్టి 20 నిమిషాలు వదిలేయాలి. సన్నమంట చేయాల్సిన పని గిన్నెలోని వేడే చేస్తుందని నమ్మకం. ఆ తర్వాతే తెడ్డు.

నీళ్లకు ఐదు 20 లీటర్ల క్యాన్లు, జమ్మలమడుగులోనే నింపుకోవాలి. ఇది కుదిరితే తర్వాత హార్స్‌లీ హిల్స్. అక్కడి ఎత్తుకు నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి నూకలు కుక్కర్‌లోనే. నంజుకునే ఊరిబిండి పచ్చడికి చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు వేయించి ఇంట్లోనే పొడి కొట్టుకుపోతే, అక్కడ చింతపండు పులుసు కలిపితే చాలు.