నల్లా దగ్గర మొదలైన లెక్క

మా స్టాఫ్‌రూమ్‌లో ఈ మధ్య మళ్ళీ అదే చర్చ. ప్రాజెక్టులు చేయిస్తేనే పిల్లలకి చదువు వంటబడుతుందని ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు అంటారు, ముందు ఎక్కాలు రానివ్వండి ఆ తర్వాత చూద్దాం అని సీనియర్లు అంటారు. నేను 8వ తరగతికి లెక్కలు చెప్తాను. పోయిన ఏడాది నా క్లాసులో జరిగింది చూశాక నాకు అర్థమైంది ఒకటే, ఏది గొప్ప అని కాదు, ఏది ముందు ఏది వెనక అన్నదే అసలు సంగతి.

ఇప్పుడు మన బడుల్లో ప్రాజెక్టు అంటే ఏమిటో అందరికీ తెలుసు. పాఠం చివర ‘ప్రాజెక్టు పని’ అని ఉంటుంది. ఎఫ్ఏ, అంటే ఏడాది మధ్యమధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, మార్కుల్లో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, లఘుపరీక్షతో పాటు దానికీ ఒక గడి ఉంటుంది. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, సబ్జెక్టుకి ఒక్కటి చొప్పున వేసుకున్నా ఒక్కో పిల్లవాడి నెత్తిన 20కి పైగా పడతాయి. ఎవరు చేయగలరు అన్ని? నెట్‌సెంటర్లో ప్రింటు తీయించి, దాన్ని చూసి తెల్లకాగితాల మీద ఎక్కించి, రంగు కాగితం అట్ట వేసి తెస్తారు. సగం మందివి ఒకే వాక్యాలు. వాటికి నేనూ మార్కులు వేశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త 1918లోనే ప్రాజెక్టు పద్ధతి గురించి రాశారు. పిల్లలు తమకి కావాలని పూనుకుని చేసే పని అయి ఉండాలన్నది ఆయన పట్టుదల. మన దగ్గర 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు, తకిలీతో, అంటే చేత్తో తిప్పే చిన్న కదురుతో, నూలు వడుకుతూ లెక్కలు నేర్పవచ్చన్నారు. ఆ తకిలీ దగ్గర పిల్లవాడి చేతిలో నూలు పోగైనా ఉంటుంది. మన రంగు అట్టల్లో ఏముంది?

మా బడి వెనకాల ఒక నల్లా ఎప్పుడూ కారుతూ ఉండేది. మధ్యాహ్నానికల్లా ట్యాంకులో నీళ్ళు అయిపోయేవి, పళ్ళేలు కడుక్కోవడానికి కూడా ఉండేవి కావు. ఒకరోజు పిల్లలే గొడవ పెడితే, ఎన్ని నీళ్ళు పోతున్నాయో చూసి చెప్పండి అన్నాను. లీటరు సీసా పెట్టారు, చేతి గడియారం పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. 6 నిమిషాలకి నిండింది. ఇంకో జట్టు పెడితే ఇంకొంచెం తక్కువకే నిండింది, దాని మీద పెద్ద వాదన, మళ్ళీ పెట్టారు. గంటకి 10 లీటర్లు అని తేల్చారు. ఒకబ్బాయి 10ని 8తో గుణించి రోజుకి 80 అన్నాడు, బడిలో ఉండేది అంతసేపే అనుకున్నాడు. పక్కనున్న అమ్మాయి, ‘‘రాత్రి కూడా కారుతుంది కదరా’’ అంది. అప్పుడు 240 వచ్చింది. ఆ అమ్మాయే మళ్ళీ, మా ఇంట్లో బిందెకి 15 లీటర్లు పడతాయి అని చెప్పి, 16 బిందెలు అని లెక్కగట్టింది. అంతా ఒక్క నిమిషం మాట్లాడలేదు.

ఇక్కడితో ఆపితే చాలా బాగుండేది, కానీ నిజం చెప్పాలి. నలభై మందిలో ఈ లెక్క చేసింది ఏడెనిమిది మంది. మిగతావాళ్ళు సీసా చుట్టూ మూగారు, కేకలు వేశారు, చివరికి జవాబు చూసి రాసుకున్నారు. వాళ్ళలో భాగహారం రాని పిల్లలు ఉన్నారని నాకు తెలుసు, జట్టులో ఉంటే ఆ రానితనం కనపడదు. ప్రాజెక్టులంటే నాకున్న భయం అదే. రానివాడు నవ్వుతూ తుళ్ళుతూ ఉంటాడు, మనం కూడా క్లాసు భలే సాగిందనుకుంటాం.

అందుకే మరుసటి రోజు నల్లా దగ్గరికి పోలేదు. రెండు పీరియడ్లు నల్లబల్ల మీద అనులోమానుపాతం (ఒకటి పెరిగితే రెండోదీ అదే లెక్కన పెరగడం) పాతకాలం టీచర్లలాగే చెప్పాను, ఒక్కొక్కరి చేత విడిగా చేయించాను, రానివాళ్ళకి భాగహారం మొదటి నుంచీ చెప్పాను. తేడా ఏమిటంటే, ప్రతి ఏడాదీ ఈ పాఠానికి ఆవులించే క్లాసు ఈసారి వింది. వాళ్ళకి ఆ లెక్క కావాలి, ఇంకో మూడు నల్లాలు ఉన్నాయి కాబట్టి. వారం తర్వాత జట్లు కట్టకుండా తలా ఒక కొలత ఇచ్చాను. చేయలేకపోయినవాళ్ళు ఐదుగురు, వాళ్ళతో మధ్యాహ్నం కూర్చున్నాను.

హెచ్‌ఎం గారికి దరఖాస్తు తెలుగు టీచర్ రాయించారు. వాషర్ మార్చారు.

ఇలాంటిది ఏడాదికి రెండు చేయగలను, మూడు కష్టం. సిలబస్ అలా ఉంది. ప్రాజెక్టుల సంఖ్య తగ్గించి, ఏ నెలలో ఏది చేయాలో టీచరుకి వదిలేస్తే ఇది ప్రతి బడిలోనూ జరుగుతుందని నా నమ్మకం. ఈ ఏడాది పిల్లలు అప్పుడే అడిగారు, మధ్యాహ్న భోజనంలో మనిషికి 150 గ్రాముల బియ్యం అంటే మన బడికి నెలకి ఎన్ని బస్తాలు టీచర్ అని. ముందు దశాంశాలు చెప్పాలి, సోమవారం నుంచి అవే మొదలుపెడుతున్నాను.