ధన్వంతరి త్రయోదశి: రోగానికి పేరు పెట్టకముందు

ఆశ్వయుజ బహుళ త్రయోదశి దగ్గరపడితే ముందు కనిపించేవి బంగారం షాపుల ప్రకటనలే. పాలసముద్రంలోంచి అమృతకలశం పట్టుకుని వచ్చిన ధన్వంతరి జయంతి కూడా ఆ రోజే. లక్ష్మీపూజ మానమని కాదు, ఆ సాయంత్రం దీపం పెట్టాక ఆయన పేరు తలుచుకుని ఒక్క శ్లోకం చదువుకుంటే బాగుంటుందని నా కోరిక. నేను చదువుకునేది స్తోత్రం కాదు, సుశ్రుత సంహిత అనే ఆయుర్వేద గ్రంథంలో సూత్రస్థానం 21వ అధ్యాయంలోని మాట.

సంచయం చ ప్రకోపం చ ప్రసరం స్థానసంశ్రయమ్ ।
వ్యక్తిం భేదం చ యో వేత్తి దోషాణాం స భవేద్భిషక్ ॥

కాశీరాజు దివోదాసుగా వచ్చిన ధన్వంతరి సుశ్రుతుడు మొదలైన శిష్యులకు చెప్పిన పాఠమే ఆ సంహిత అని సంప్రదాయం. అందుకే నాకిది ఆయన నోటి మాటే. వాత పిత్త కఫాలనే దోషాలు పోగుపడటం, రెచ్చిపోవడం, ఒళ్ళంతా పాకడం, ఒకచోట తిష్ఠ వేయడం, బయటపడటం, ముదిరిపోవడం: ఈ ఆరూ ఎరిగినవాడే వైద్యుడు అంటున్నాడు. జ్వరమనో, అతిసారమనో మనం పేరు పెట్టేది అయిదో దశలో. అప్పటికే నాలుగు దశలు మన ఒంట్లోనే, మన కళ్ళ ముందే గడిచిపోయి ఉంటాయి.

నా మనసు ఎప్పుడూ మొదటి దశ దగ్గరే ఆగిపోతుంది. దాని లక్షణాలు చాలా మామూలుగా ఉంటాయి: పొట్ట బిగదీసుకుని నిండుగా ఉండటం, ఒళ్ళు బరువు, బద్ధకం. ఆ వరసలోనే సుశ్రుతుడు ఇంకొకటి చెప్పాడు. దోషం దేనివల్ల పోగుపడుతోందో, దాని మీదే అయిష్టం పుడుతుందట. పండగ భోజనంలో మూడో బొబ్బట్టు మీద నెయ్యి పోస్తుంటే మన చెయ్యి దానంతటదే విస్తరికి అడ్డం వెళుతుంది. "పండగ కదా, ఇంకొక్కటి" అంటారు వడ్డించేవాళ్ళు. మనమూ నవ్వేసి చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఆ చెయ్యి అడ్డం వెళ్ళిన వేళకు శాస్త్రం పెట్టిన పేరు ప్రథమ క్రియాకాలం, అంటే చికిత్సకు మొదటి అదను. అప్పుడు మందుతో పని లేదు, ఆగితే చాలు. సంచయంలోనే, అంటే పోగుపడే దశలోనే తొలగిస్తే దోషాలకు ముందుకు నడక ఉండదు, వదిలేస్తే తర్వాతి దశల్లో ఇంకా బలపడతాయి అని వెంటనే వచ్చే శ్లోకం చెబుతుంది.

లోపల్నించి ఆ "వద్దు" అన్నది ఎవరు? భోజనానికి ముందు మన పెద్దలు చదివే గీతాశ్లోకంలోనే నాకు జవాబు దొరికింది. అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః, ప్రాణులందరి దేహాల్లో జఠరాగ్నిగా ఉండి నాలుగు విధాల అన్నాన్నీ నేనే పచనం చేస్తున్నాను అంటాడు భగవానుడు. ఆ శ్లోకం చదివి, ఔపోశన పట్టి, ఆయనకే నివేదించి తింటున్నాం. అలాంటప్పుడు ఆయన చాలన్న తర్వాత కూడా వడ్డించడం ఏం నివేదన? వినకుండా చేసే ఆ పనిని మరో ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు ప్రజ్ఞాపరాధం, అంటే తెలివి చేసే తప్పు అన్నాడు. ధీ (బుద్ధి), ధృతి (నిగ్రహం), స్మృతి (జ్ఞాపకం) తప్పి చేసే పని సర్వదోషాలనూ రెచ్చగొడుతుందన్నాడు. పోయినసారి ఇలాగే తిని రాత్రంతా కూర్చున్నామని గుర్తుకు రాకపోతే స్మృతి తప్పినట్టు. గుర్తుకు వచ్చినా ఆగలేకపోతే ధృతి తప్పినట్టు.

రోగం వచ్చిన ప్రతివాళ్ళూ తప్పు చేశారని దీనర్థం కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేవి, గర్భంలోనే వచ్చేవి, కాలం వల్ల, దెబ్బల వల్ల వచ్చేవి సుశ్రుతుడు వేరు వేరుగా లెక్కపెట్టాడు. మంచం పట్టిన మనిషి పక్కన కూర్చుని ప్రజ్ఞాపరాధం గురించి చెప్పడం పాపమని నేను నమ్ముతాను. ఇది ఎవరికి వాళ్ళు చెప్పుకోవలసిన మాట.

రెండో దశలో కడుపులో పోట్లు, పుల్లటి త్రేన్పులు, దాహం, మంట, అన్నం సయించకపోవడం. మూడోదానికి సుశ్రుతుడు చెప్పిన పోలిక పల్లెల్లో పెరిగినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది: నిండిన నీళ్ళు గట్టు తెంచుకుని, పక్క నీళ్ళతో కలిసి అన్ని వైపులకూ పరుగెత్తినట్టు దోషాలు పాకుతాయి. అలా పరుగెత్తేవాటికి దేహంలో ఎక్కడ లోపం ఉండి అడ్డు తగులుతుందో అక్కడే వ్యాధి పుడుతుంది. ఒకే ఇంట్లో ఒకే తిండి తిన్న అన్నదమ్ముల్లో ఒకరికి కీళ్ళు, ఇంకొకరికి చర్మం ఎందుకు ఇబ్బంది పెడతాయో ఆయుర్వేదం ఇలా చెప్పుకుంటుంది. ఆ తర్వాత పూర్వరూపాలు, అంటే రోగం రాబోతోందని చెప్పే గుర్తులు, ఆపైన పేరున్న రోగం, చివరికి ఏళ్ళ తరబడి వదలని బాధ.

ఈ త్రయోదశి వచ్చే కాలాన్ని కూడా గమనించండి. వానల్లో పోగుపడిన పిత్తం శరదృతువు ఎండ తగలగానే ప్రకోపిస్తుందని శాస్త్రం. అంటే పండగ నాటికి మనం రెండో దశలో ఉన్నాం. ఈ ఋతువులో చేదు, తీపి రుచులు మంచివన్నారు. పగలు ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లబడి, అగస్త్య నక్షత్రం ఉదయించాక నిర్మలమైన నీటిని చరకుడు హంసోదకం అని కీర్తించాడు. అమావాస్య దాటగానే కార్తీకం, తెల్లవారుజాము స్నానాలు, నక్తాలు, క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన ఉసిరికొమ్మ. ఇవన్నీ ఆరోగ్యం కోసమే పెట్టారు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. శివకేశవుల కోసం చేసేది వాళ్ళ కోసమే. ఒంటికి మేలు జరిగితే అది వాళ్ళ దయ.

పిత్తాన్ని రెచ్చగొట్టేవాటిని చెబుతూ సుశ్రుతుడు ముందు కోపం, శోకం, భయం అన్నాడు. కారం, పులుపు, ఉప్పు ఆ తర్వాతే. ఆ జాబితాలో ఉపవాసం కూడా ఉంది! లంఖణం పరమౌషధం అని మనం అలవాటుగా అనేస్తాం కానీ, ఆఫీసు టెన్షన్ మోస్తూ, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటూ, కాఫీల మీద కాఫీలు తాగుతూ కార్తీక సోమవారం ఉపవాసం గడిపితే మిగిలేది కడుపులో మంటే. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదీ వ్రతాన్ని చెరపవని మహాభారతంలో విదురుడు చెప్పాడు. కాబట్టి షుగరు మాత్రలు వేసుకునే అమ్మను కార్తీక సోమవారం మాత్ర మాననివ్వకండి, ఎంతసేపు తినకుండా ఉండొచ్చో ముందుగానే డాక్టరును అడిగి పెట్టుకోండి. మధ్యాహ్నం ఆమె గ్లాసు పాలు తాగితే వ్రతభంగం అని ఎవరైనా అంటే విదురుడి మాట చూపించండి.