దుగ్గిరాల లాకుల ఫొటో కోసం మూడుసార్లు

బెజవాడలో ఫొటోలు తీద్దామని బయల్దేరిన వాళ్ళు చాలామంది ప్రకాశం బ్యారేజీ దగ్గరే ఆగిపోతారు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ అందంగా ఉంటుంది, కాదనను. నా మనసు మాత్రం పాత కాలువల మీద ఉంది. 1855లో మొదటి ఆనకట్ట కట్టాక కాలువల్లో పొలాలకు నీళ్ళే కాదు, పడవలూ నడిచాయి. దుగ్గిరాల నుంచి కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం, అక్కణ్ణుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా సరుకు వెళ్ళేది. అందుకే పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే, ఎక్కించే దుగ్గిరాల లాకులు ఎంచుకున్నాను.

మొదటిసారి ఆగస్టులో వెళ్తే ఎర్రనీళ్ళు, గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు. పైగా ఎవరో "పర్మిషన్ ఉందా?" అన్నారు. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. లెటర్‌హెడ్ మీద రాసి తెమ్మన్నారు. నాకెక్కడి లెటర్‌హెడ్! చివరికి "ఫొటోలేగా, తీసుకోండి, గేట్లు ఎక్కకండి" అని నోటిమాటతో తేల్చేశారు.

డిసెంబరులోనూ అదే కథ. అక్కడ కాలువ గేట్లు చూసుకునే లస్కరు నవ్వి, "నీళ్ళను ఫొటో తీసి ఏం చేస్తావు బాబూ? వేసవిలో కాలువ కట్టేశాక రా" అన్నారు. లాకు ఎలా పనిచేసేదో కూడా ఆయనే చెప్పారు. ఎగువ నుంచి వచ్చిన పడవ రెండు జతల తలుపుల మధ్య ఉన్న తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. చిన్న తూములు ఎత్తి తొట్టిలో నీళ్ళు దిగువకు వదులుతారు. పడవ మెల్లగా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. తలుపు రెక్కలు రెండూ ఎగువకు మొన తిరిగేలా కలుస్తాయి కాబట్టి నీళ్ళ బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. మోటారు లేదు, కరెంటు లేదు.

మేలో ఆయనే ఫోన్ చేశారు. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడున్నాను. అడుగున ఎండి పగిలిన బురద, సీసాలు, ఒక ఒంటి చెప్పు. గోడ మీద నీటి మట్టాల చారలు. తలుపు తెరిచినప్పుడు రెక్క ఒదిగే గూడు కూడా కనిపించింది. ఆయన చెప్పకపోయుంటే గోడ పాడైందనుకునేవాణ్ణి. ట్రైపాడ్ పెట్టి ఆకాశం వెలుగుకు ఒకటి, గోడ నీడకు ఒకటి తీసి తర్వాత కలిపాను.

గూడు ఎత్తు తెలియాలని ఆయన్ని పక్కన నిలబడమన్నాను. "చొక్కా మార్చుకొస్తానుండు" అని వెళ్ళి అరగంటకు వచ్చారు. ఈలోగా ఎండెక్కిపోయింది. ఫొటోలో ఆ ఇస్త్రీ చొక్కా తెల్లగా మండిపోయింది. ప్రింటు ఇస్తే చాలాసేపు చూసి, "గోడ బాగా పడింది" అన్నారు.