ఎన్‌ఎఫ్‌ఎల్ అఫెన్స్, డిఫెన్స్ ర్యాంకులు: నా లెక్క ఇప్పటిదాకా

మొదటి శనివారం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్ల అఫెన్స్ (బంతితో ముందుకెళ్లే దళం), డిఫెన్స్ (వాళ్లని ఆపే దళం) ర్యాంకులు నా సొంత లెక్కతో కడుతున్నాను. ఇది మొదలైంది ఆఫీసు క్యాంటీన్‌లో. నా పక్క సీటు అతను శాన్ డియేగోలో పుట్టి పెరిగినవాడు. 2010 సీజన్ మాటెత్తితే చాలు, తినేది ఆపేసి మరీ బాధపడతాడు. ఆ ఏడాది శాన్ డియేగో ఛార్జర్స్ అఫెన్స్‌లో నంబర్ 1, డిఫెన్స్‌లోనూ నంబర్ 1. అయినా 16 మ్యాచ్‌ల్లో గెలిచింది 9. ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. 10 గెలిచిన కాన్సస్ సిటీ జట్టు వాళ్లుండే నాలుగు జట్ల డివిజన్‌లో మొదటి స్థానం పట్టుకుపోయింది. లెక్కల్లో ఫస్టు, సైన్సులో ఫస్టు, ఏడాది చివర క్లాసు తప్పాడన్నట్టుంది వ్యవహారం. ఇలా ఎలా జరిగిందన్నదే అతని ప్రశ్న.

తిరకాసు ఆ ర్యాంకులోనే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ సంప్రదాయంగా అఫెన్స్, డిఫెన్స్ ర్యాంకులు ఇచ్చేది మ్యాచ్‌కి సగటున ఎన్ని యార్డులన్న దాన్ని బట్టి. ఛార్జర్స్ సంపాదించింది 395.6, ఇచ్చింది 271.6. దీనికి అద్దంలో బొమ్మలాంటిది 2011 గ్రీన్ బే. యార్డుల లెక్కలో ఆ డిఫెన్స్‌ది 32 జట్లలో 32వ స్థానం. కానీ ఆ జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడింది, ఆ చివరి ర్యాంకు డిఫెన్సే 31 ఇంటర్‌సెప్షన్లతో (అవతలివాళ్లు విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం) లీగ్‌లో అందరికంటే ముందుంది.

ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క: బంతి చేతికొచ్చిన జట్టుకి నాలుగు ప్రయత్నాలు, వాటిలో 10 యార్డులు ముందుకెళ్లాలి. మూడో ప్రయత్నంలో ఇంకా 8 కావాల్సి ఉండగా 7 యార్డులు తెస్తే మామూలుగా బంతి తన్ని అవతలివాళ్లకి ఇచ్చేయడమే. ఒక్క యార్డు కావాల్సినప్పుడు 2 తెస్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. యార్డుల పుస్తకంలో మాత్రం 7 పెద్దది, 2 చిన్నది.

మనకి క్రికెట్ తెలుసు కాబట్టి దీనికి మందు కూడా తెలిసినట్టే. డక్‌వర్త్-లూయిస్ ఏం చేస్తుంది? ఇన్ని ఓవర్లు, ఇన్ని వికెట్లు చేతిలో ఉంటే ఆ స్థితి విలువ ఇంత అని కడుతుంది. ఇక్కడా అంతే. ఎన్నో ప్రయత్నం, ఎన్ని యార్డులు కావాలి, మైదానంలో ఎక్కడున్నారు అన్నవి చూసి, ఆ స్థితి నుంచి సగటున ఎన్ని పాయింట్లు రావచ్చో కట్టొచ్చు. సొంత 25 యార్డుల గీత దగ్గర మొదటి ప్రయత్నం విలువ సుమారు ఒక పాయింటు. ఒక ప్లే, అంటే ఒక ప్రయత్నం, ముందు విలువ, తర్వాత విలువ, ఈ రెండింటి తేడాయే ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్). ఈ ఆలోచన కంప్యూటర్ కుర్రాళ్లది అనుకున్నాను. కాదు. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ అఫెన్స్‌ని నడిపేవాడు) వర్జిల్ కార్టర్, ప్రొఫెసర్ రాబర్ట్ మాకోల్‌తో కలిసి 1969 సీజన్‌లోని 56 మ్యాచ్‌లు, 8,373 ప్లేలు లెక్కగట్టి 1971లోనే పేపర్ వేశాడు. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతూనే!

ఆ శ్రమ మనకి లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ అనే ఉచిత డేటాలో 1999 నుంచి ప్రతి ప్లే ఉంది, ఈపీఏ కట్టేసే ఉంది. సీజన్‌కి దాదాపు 50 వేల వరుసలు. మామూలు లాప్‌టాప్ చాలు. నేను డేటా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దించుకుని, లెక్క పైథాన్‌లో చేస్తున్నాను. ఎందుకంటే ఎవరి అలవాటు వాళ్లది.

ఆదివారం

2010 ఫైల్లో శాన్ డియేగో అని వెతికితే సున్నా వరుసలు. గంటసేపు జుట్టు పీక్కున్నాను. 2017లో జట్టు లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది కదా, పాత సీజన్లకి కూడా ఈ డేటాలో ఇప్పటి పొట్టి పేరే, అంటే ఎల్‌ఏసీ అని పెట్టారు. ఊరు మారిన రైడర్స్, రామ్స్ జట్లదీ అదే సంగతి. మొదలుపెట్టేవాళ్లు ముందే 32 పేర్లు ప్రింట్ చేసి చూసుకోండి.

రెండో వారం

పరువు పోయిన వారం.

మొదటి పట్టికలో ఛార్జర్స్ డిఫెన్స్ నంబర్ 1 నుంచి కిందికి జారింది. చూశావా, ఈపీఏ అసలు నిజం బయటపెట్టిందని పక్క సీటు మా వాడికి మెసేజ్ కూడా పెట్టేశాను. తర్వాత ఊరికే, ఆ డిఫెన్స్‌కి బాగా నష్టం చేసిన ప్లేలేవో పైనుంచి వరసగా చూద్దామని తీశాను. మూడో వారం సియాటిల్ మ్యాచ్ వచ్చింది. ఛార్జర్స్ 20-27తో ఓడిన మ్యాచ్ అది. సియాటిల్ ఆటగాడు లియోన్ వాషింగ్టన్ ఆ ఒక్కరోజే రెండు కిక్‌ఆఫ్‌లు (ఆట మొదట్లో, స్కోరు అయ్యాక అవతలి జట్టుకి తన్నే బంతి) అందుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి టచ్‌డౌన్లు చేశాడు. ఆ రెండూ నా పట్టికలో డిఫెన్స్ ఖాతాలో పడి ఉన్నాయి.

కిక్‌ఆఫ్ సమయంలో మైదానంలో ఉండేది డిఫెన్స్ కాదు, స్పెషల్ టీమ్స్, అంటే బంతి తన్నే ప్లేల కోసం ఉండే వేరే దళం. కానీ ఈ డేటాలో కిక్‌ఆఫ్ వరుసలో బంతి ఎవరిదన్న గడిలో అందుకునే జట్టు పేరు ఉంటుంది. అంటే వాషింగ్టన్ పరుగు సియాటిల్ అఫెన్స్‌కి జమ, శాన్ డియేగో డిఫెన్స్‌కి ఖర్చు. నేను పాస్, రన్ ప్లేలు మాత్రమే తీసుకోవాల్సింది పోయి ఈపీఏ ఉన్న ప్రతి వరుసా ఊడ్చేశాను. మోకాలు ఆనించి టైమ్ కరిగించే ప్లేలు, గడియారం ఆపడానికి బంతి నేలకి కొట్టేవి కూడా అందులోనే ఉన్నాయి. అవీ తీసేశాను. మెసేజ్ వెనక్కి తీసుకున్నాను.

అయితే ఈ తప్పు వల్లే మా వాడి ప్రశ్నకి సగం జవాబు దొరికింది. యార్డుల ర్యాంకు మరీ అంత అబద్ధం చెప్పలేదు. స్పెషల్ టీమ్స్ అనే మూడో ఖాతా ఒకటుంది, దాన్ని అది చూడలేదు, అంతే.

పాయింట్లతో ర్యాంకు ఇస్తే పోదా అని ఇంట్లో అడిగారు. పోదు. క్వార్టర్‌బ్యాక్ విసిరింది అవతలివాడు పట్టుకుని టచ్‌డౌన్ చేస్తే, ఇచ్చిన పాయింట్లలో అది కూడా కలిసిపోతుంది. ఆ నిమిషంలో డిఫెన్స్ వాళ్లు బెంచీ మీద నీళ్లు తాగుతుంటారు.

మూడో వారం

ఇప్పుడు అసలు పని. ఎవరి మీద ఆడారన్నది లెక్కలోకి తేవాలి. ఇప్పుడు జట్టుకి 17 మ్యాచ్‌లు. డివిజన్‌లోని ముగ్గురితో రెండేసిసార్లు పోగా మిగతావి 11. అంటే 31 మందిలో 14 మందినే కలుస్తారు, 17 జట్ల ముఖమే చూడరు. నెట్ రన్‌రేట్ లాగా అందరినీ ఒకే గాట కడితే కుదరదు.

పద్ధతి ఇది. ఒక్కో ప్లేకి ఒక వరుస. అఫెన్స్‌కి 32 నిలువు గడులు, డిఫెన్స్‌కి 32, సొంత మైదానానికి ఒకటి. ఆ ప్లేలో ఉన్న అఫెన్స్ గడిలో 1, డిఫెన్స్ గడిలో 1, మిగతావన్నీ సున్నాలు. అటువైపు ఈపీఏ. దీని మీద రిగ్రెషన్ (అన్ని వరుసలకీ బాగా సరిపోయే మార్కులు వెతికే లెక్క) వేస్తే ప్రతి జట్టుకీ ఎదుటివాళ్ల బలం తీసేసిన మార్కు వస్తుంది. సున్నాలే ఎక్కువ కాబట్టి స్పార్స్ మ్యాట్రిక్స్ (సున్నాలని నిల్వ చేయని పట్టిక) వాడండి, సెకన్లలో అయిపోతుంది. డిఫెన్స్‌కి మైనస్ వస్తే మంచిదని గుర్తుంచుకోండి. పట్టికలో చూపించేటప్పుడు నేను గుర్తు తిప్పేస్తున్నాను, లేకపోతే చూసేవాళ్లు తికమక పడతారు.

మామూలు రిగ్రెషన్ సరిపోదు. ఒక ప్లే ఈపీఏ సగటు చుట్టూ సుమారు 1.3 మేర ఊగుతుంది. మొదటి మ్యాచ్‌లో జట్టుకి 60 ప్లేలు ఉంటే, ఆ సగటులోనే 0.17 దాకా గాలివాటం ఉంటుంది. మంచి అఫెన్స్‌కీ సగటు అఫెన్స్‌కీ తేడాయే అంత! అందుకే రిడ్జ్, 1970లో హోర్ల్, కెనార్డ్ చెప్పిన పద్ధతి. తక్కువ సాక్ష్యం ఉన్న మార్కుని సగటు వైపు లాగి పెడుతుంది. ఎంత లాగాలన్నది లాంబ్డా అనే అంకె చెబుతుంది.

నాలుగో వారం

ఈ లాంబ్డా దగ్గరే వారమంతా గడిచింది, విసుగు పుట్టలేదు.

ప్లేకి ఉండే ఊగిసలాట వర్గాన్ని జట్ల మధ్య అసలు తేడా వర్గంతో భాగిస్తే లాంబ్డా వస్తుంది. అఫెన్స్‌ల మధ్య తేడాకి నేను పెట్టుకున్న విలువ 0.08. అప్పుడు 1.69ని 0.0064తో భాగిస్తే 264. మొదటి వారం 60 ప్లేలకి సగటు 0.30 వచ్చిన జట్టుని చూడండి: 60ని 324తో భాగిస్తే 0.185, కాబట్టి మార్కు 0.06 దగ్గరికి దిగిపోతుంది. సీజన్ చివర 1,000 ప్లేలకి 0.15 ఉన్న జట్టు మాత్రం 0.12 నిలబెట్టుకుంటుంది. మొదటి ఆదివారం చెలరేగిన జట్టుకి మా ఆఫీసులో కట్టబెట్టే కిరీటం ఈ లెక్కలో ఐదో వంతు కూడా మిగలదు.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతిది. డిఫెన్స్‌ల మధ్య తేడా అఫెన్స్‌లంత ఉండదు. ఏడాదికేడాది నిలకడా తక్కువే. క్వార్టర్‌బ్యాక్ లాంటి ఒక్కడు డిఫెన్స్‌లో ఉండడు కదా. అక్కడ 0.06 పెడితే లాంబ్డా 469. అంటే డిఫెన్స్‌ని ఇంకా గట్టిగా లాగాలి. కానీ మామూలు రిడ్జ్ ప్యాకేజీలు అన్నిటికీ కలిపి ఒక్క లాంబ్డానే అడుగుతాయి. చిన్న కిటుకు ఉంది: డిఫెన్స్ గడుల్లో 1 బదులు 0.75 పెట్టండి, అంటే 0.06ని 0.08తో భాగించగా వచ్చింది. లాంబ్డా 264 అలాగే ఉంచండి. చివర డిఫెన్స్ మార్కులని 0.75తో గుణించండి. 264ని 0.75 వర్గంతో భాగిస్తే 469 వస్తుంది, చూసుకోండి. గడులని తనంతట తనే ఒకే కొలతకి తెచ్చే సెట్టింగ్ ఉంటే ఆపేయడం మరిచిపోవద్దు, లేకపోతే మన 0.75 గంగలో కలుస్తుంది.

2011కి వేసి చూశాను. గ్రీన్ బే డిఫెన్స్ గొప్పదేం కాదు గానీ చివరి స్థానం దానిది కాదు. ఇంటర్‌సెప్షన్లకి దక్కాల్సిన విలువ దక్కింది.

ఐదో వారం

తొమ్మిది వారాల డేటాతో మార్కులు కట్టి, పదో వారం నుంచి మ్యాచ్‌లు ఊహించాను. అద్భుతంగా వచ్చింది. బెట్టింగ్ లైన్లకంటే (ఎవరు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారని పందేలవాళ్లు ముందే చెప్పే అంకె) మెరుగు! అంత మెరుగు రావడమే అనుమానం. మ్యాచ్ తేడా బెట్టింగ్ లైన్ చుట్టూ 14 పాయింట్లకి కాస్త తక్కువగా చెదిరి ఉంటుందని హాల్ స్టెర్న్ 1991లోనే చూపించాడు. నా లాంటివాడు నాలుగు వారాల్లో దాన్ని దాటడమా? చూస్తే, మార్కులు కట్టే లైన్‌లో వారం ఫిల్టర్ పెట్టలేదు. పరీక్షకి కూర్చున్న పిల్లాడి చేతిలో జవాబుల కాగితం పెట్టినట్టు. సరిచేశాక బెట్టింగ్ లైన్ హాయిగా ముందుంది. యార్డుల ర్యాంకు మాత్రం నాకంటే వెనకే ఉంది. రెండు లాంబ్డాల వల్ల ఒక లాంబ్డా మీద వచ్చిన లాభం కొద్దిగానే. అబద్ధం ఎందుకు, కంటికి ఆనేంత లేదు.

క్రాస్ వాలిడేషన్ (కొంత డేటా పక్కన పెట్టి, మిగతాదానితో కట్టిన మార్కులని దాని మీద పరీక్షించడం) చేసేవాళ్లు ప్లేలని ఇష్టమొచ్చినట్టు విడగొట్టొద్దు. ఒకే మ్యాచ్ ప్లేలు అటూ ఇటూ పడతాయి. వారాల వారీగా విడగొట్టండి.

ప్రస్తుతం

ఫలితం తేలిపోయాక ఆడే చివరి నిమిషాల ప్లేలని పూర్తిగా పారేయకుండా సగం బరువు ఇస్తున్నాను. అది నా ఇష్టం, దానికి రుజువేం లేదు. జారవిడిచిన బంతి ఎవరి చేతికి దొరుకుతుందన్నది దాదాపు బొమ్మా బొరుసే, ఆ అదృష్టాన్ని విడదీయడం ఇంకా మొదలుపెట్టలేదు. ముందు మూడో ఖాతా తెరవాలి. కిక్‌ఆఫ్‌లు, పంట్‌లు (ప్రయత్నాలు అయిపోవచ్చి బంతి తన్ని ఇచ్చేయడం) వేరుగా తీసి 2010కి వేయమని మా వాడు రోజూ అడుగుతున్నాడు. ప్లేలు చాలా తక్కువ, ఒక్కో టచ్‌డౌన్ పరుగు మొత్తం సగటునే ఎగరేస్తుంది. దానికి లాంబ్డా ఎంత పెట్టాలో ఈ శనివారం చూడాలి.