మామ్మ కాగితాలు

మా నాయనమ్మను కోనసీమలో అందరిలాగే మేమూ మామ్మ అని పిలిచేవాళ్లం. 2023 వేసవిలో ఆమె ఇంట్లోనే కన్నుమూసింది. కర్మకాండలు, బంధువుల రాకపోకలు ముగిసి మేము పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళ్లేసరికి ఇరవై ఆరు రోజులు గడిచాయి. మరణాన్ని 21 రోజుల్లోపు తెలియజేస్తే రుసుము లేదని, 30 రోజుల్లోపయితే కొద్దిపాటి ఆలస్య రుసుముతో సరిపోతుందని, ఆ తరువాత పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వస్తుందని ఆయన చెప్పినప్పుడు, ఇంకో వారం జాప్యం చేయనందుకు ఊపిరి పీల్చుకున్నాం.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన 20 సెంట్ల కొబ్బరితోట మామ్మ పేరునే ఉంది. ఆ దస్తావేజులో ఆమెది పుట్టింటి ఇంటిపేరు. పట్టాదారు పాసుపుస్తకంలో అత్తింటిది. ఆధార్ కార్డులో పేరు చివరి ‘అమ్మ’ ఎగిరిపోయింది. ఊళ్లో సగం మంది అమ్మా అని పిలిచిన మనిషి పేరులోంచి ఆ ముక్క తీసేసిన మహానుభావుడెవరో తెలియదు. 2022లో జిల్లాలు మారడంతో ఒక కాగితంలో తూర్పు గోదావరి, మరోదానిలో కోనసీమ. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ ముందు ప్రమాణపత్రం ఇచ్చాక గానీ పని కదలలేదు.

దస్తావేజు కోసం మామ్మ ట్రంకుపెట్టె వెతుకుతుంటే అడుగున, పట్టుచీర మడతలో, తాకట్టు రసీదులు దొరికాయి. ఒకటి 1997 జనవరిది. వస్తువు దగ్గర ‘నానుతాడు’ అని రాసి ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు మా తోటలో చెట్లు మొదళ్లతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది కనుక ఆ ఇంటికి రాబడి అన్నది లేదు. అయినా మాఘమాసంలో అత్త పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. ఆ డబ్బు ఎక్కడిదని తాతయ్య అడిగితే, చిట్టీ పాడానని మామ్మ చెప్పిందట. విడిపించిన రసీదు ఎంత వెతికినా కనబడలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె మెడలో పసుపుతాడే చూశాను. తాతయ్య పోయాక అదీ లేదు. బంగారం మీద మోజు లేదని ఆమె అంటే నమ్మేశాం.

ఆ అత్త నిజానికి మామ్మ కన్న కూతురు కాదు, తోడికోడలి కూతురు. మూడేళ్లప్పుడు తల్లి చనిపోతే మామ్మ తెచ్చి తన నలుగురు పిల్లలతో పాటు పెంచింది. దత్తత లాంటివేవీ రాసుకోలేదు. ఇంట్లో పిల్లకు ఇంట్లోనే దత్తతేమిటి అన్నదట.

తోట పేరు మార్పిడికి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కావాలి. గ్రామ సచివాలయంలో దరఖాస్తు ఇచ్చిన కొద్దిరోజులకు వీఆర్వో గారు విచారణకు మా అరుగు మీదికే వచ్చారు. పిల్లలెందరని ఆయన అడిగితే నాన్నగారు ‘అయిదుగురు’ అనేశారు. కాగితాల్లో నలుగురే ఉన్నారు. విషయం విన్నాక ఆయన పెన్ను పక్కన పెట్టి, హిందూ స్త్రీ ఆస్తికి ముందు వారసులు ఆమె భర్త, పిల్లలే అవుతారని, పెంచిన పిల్లను ఈ పత్రంలో చేర్చే అధికారం తనకు లేదని మర్యాదగానే చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. నాన్నగారు మాత్రం ఆ పూట భోజనం చేయలేదు.

వాంగ్మూలానికి ఊరివాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. ఒకరు ఎదురింటి పెద్దాయన. రెండో మనిషి పొలానికి వెళ్లి ఇంకా రాలేదు. వెనక వీధిలోనే కాపురం ఉంటున్న అత్త, అందరికీ మజ్జిగ ఇచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, నేను పెడతానంది. సంతకం కింద మరణించిన వ్యక్తితో సంబంధం రాయమన్నారు. వరసకు కూతురే కనుక ఆమె ‘కూతురు’ అని రాసింది. అలా ఉంటే తహసీల్దారు కార్యాలయంలో ఫైలు వెనక్కి పంపుతారమ్మా అని వీఆర్వో గారు ఇబ్బందిగా అన్నారు. అత్త ఆ మాట మీద ఒక్క గీత కొట్టి, పక్కన ‘ఇరుగుపొరుగు’ అని రాసి, మజ్జిగ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.