బేస్‌మెంట్ డ్రైవాల్ అడ్డంగానా నిలువుగానా – నా అనుభవం

మాది అమెరికాలో, ఒహాయోలో కొలంబస్ దగ్గర ఇల్లు. బేస్‌మెంట్ ఫ్రేమింగ్ (గోడలకి చెక్క చట్రం కట్టడం), కరెంటు పని బయటివాళ్లకి ఇచ్చి డ్రైవాల్ మాత్రం నేనే వేసుకుందామనుకున్నా. డ్రైవాల్ అంటే కొత్తేం కాదు, మన దగ్గర ఫాల్స్ సీలింగ్‌కి వాడే జిప్సం బోర్డే, ఇక్కడ గోడలకి కూడా చట్రం మీద అదే బిగిస్తారు. ఫ్రేమింగ్, ఇన్సులేషన్ ఇన్‌స్పెక్షన్లు అయిపోయాక అసలు ప్రశ్న మొదలైంది, షీట్లు అడ్డంగా వేయాలా నిలువుగా వేయాలా అని.

మా వీధిలోనే ఉండే అన్న ఒకాయన వాళ్ల బేస్‌మెంట్ సొంతంగా చేసుకున్నాడు, అడిగితే "ఆలోచించేదేం లేదు తమ్ముడూ, అన్నీ అడ్డంగానే కొట్టెయ్, జాయింట్లు తక్కువొస్తాయి" అన్నాడు. ఎక్కడ అడిగినా ఎక్కువమంది చెప్పేది అదే. కానీ ఆయనది వాకౌట్ బేస్‌మెంట్, అంటే నేరుగా బయటికి తలుపు ఉన్నది, ఆ వెనక తలుపులోంచి 12 అడుగుల షీట్లు నేరుగా లోపలికి వెళ్లిపోయాయి. మాకు మెట్ల కింద మలుపు ఉంది. 12 అడుగుల సన్న చెక్క ఒకటి పట్టుకుని దిగి చూశా, చెక్కే తిరగట్లేదు, ఇంక 4 అడుగుల వెడల్పున్న షీట్ ఎక్కడ తిరుగుతుంది. అంటే నాకు 8 అడుగుల షీట్లే గతి.

ఇక్కడే లెక్క మొత్తం మారిపోతుంది, ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. షీట్‌కి పొడవు వైపు రెండు అంచులు కాస్త పల్చగా ఉంటాయి, రెండు షీట్లు అలా కలిస్తే మధ్యలో చిన్న పల్లం వస్తుంది, జాయింట్ మీద అంటించే కాగితం టేపూ, దాని మీద పూసే మడ్డూ (పుట్టీలాంటి ముద్ద) అందులో సర్దుకుని గోడ చదునుగా అవుతుంది. వెడల్పు వైపు చివర్లకి ఆ పల్లం ఉండదు, అవి కలిసే చోటుని బట్ జాయింట్ అంటారు, అక్కడ టేపు వేస్తే ఉబ్బుగా లేస్తుంది, అది కనబడకుండా చేయాలంటే మడ్డు రెండడుగుల వెడల్పు దాకా సాగదీయాలి. చేయి తిరిగినవాళ్లకి పర్లేదు, నాలాంటివాళ్లకి అదే అసలు కష్టం.

మా పెద్ద గోడ పొడవు 20 అడుగులు, ఎత్తు 8కి కాస్త తక్కువ. నిలువుగా వేస్తే 5 షీట్లు, 4 జాయింట్లు, మొత్తం 32 అడుగుల టేపింగ్, అంతా పల్చటి అంచులే, బట్ జాయింట్ ఒక్కటీ లేదు. అదే 8 అడుగుల షీట్లు అడ్డంగా వేస్తే మధ్యలో 20 అడుగుల గీత, దానికి తోడు వరసకి రెండేసి చొప్పున నాలుగు బట్ జాయింట్లు, అంటే ఇంకో 16 అడుగులు, మొత్తం 36. 12 అడుగుల షీట్ దొరికితే మాత్రం 20 ప్లస్ 8, మొత్తం 28. అంటే అడ్డంగా వేస్తే జాయింట్లు తక్కువ అనేది ఈ గోడకి పొడవు షీట్ లోపలికి వస్తేనే నిజం.

ఇంకోటి వెలుతురు. ఆ పెద్ద గోడ పక్కనే సీలింగ్‌లో వరసగా రీసెస్డ్ లైట్లు (సీలింగ్ లోపలికి దిగి ఉండేవి) వస్తున్నాయి, వెలుతురు గోడని రాసుకుంటూ పైనుంచి కిందికి పడుతుంది. అలా పడినప్పుడు అడ్డం గీతలో కొంచెం ఉబ్బున్నా నీడ తేలిపోతుంది, నిలువు గీత అంతగా కనబడదు. పక్క గోడకి కిటికీ ఉండి వెలుతురు అడ్డంగా పాకే చోట దీనికి ఉల్టా. మా ఆవిడ ఒక టార్చిలైటు గోడకి ఆనించి అటూ ఇటూ వేసి చూపిస్తే నాకు వెంటనే అర్థమైంది, ఆ గోడ నిలువుగానే అని అక్కడే ఫిక్స్ అయిపోయాం.

నిలువుగా వేయడానికి ఒక షరతు ఉంది, ప్రతి 48 అంగుళాలకి అంచు సరిగ్గా స్టడ్ (చట్రంలో నిలువు చెక్క) మధ్యలో పడాలి. స్టడ్ మందం అంగుళంన్నర, ఒక్కో షీట్‌కి దక్కేది ముప్పావు అంగుళమే. ఫ్రేమింగ్ చేసినవాళ్లు స్టడ్స్ 16 అంగుళాల లెక్కన పెట్టాం అన్నారు గానీ కొలత టేపు పెట్టి చూస్తే రెండు చోట్ల పక్కకి జరిగున్నాయి, వాటి పక్కన ఇంకో స్టడ్ కొట్టి సరిచేశా, ముందుకి పొంగిన ఒకదాన్ని చిత్రిక పట్టా. ఈ చెకింగ్ మాత్రం షీట్ ఎత్తకముందే చేయాలి.

సంప్ పంప్ (బేస్‌మెంట్‌లో చేరే నీళ్లని బయటికి తోడే పంపు) ఉన్న 12 అడుగుల గోడ మాత్రం అడ్డంగానే వేశా. ఎప్పుడైనా నీళ్లొస్తే కింది వరస ఒక్కటే 4 అడుగుల దగ్గర కోసి తీసేసి కొత్తది వేసుకోవచ్చు, పై వరస జోలికి పోనక్కర్లేదు. ఆ కింది వరసకి కాగితం లేని ఫైబర్‌గ్లాస్ ముఖం షీట్లు తెచ్చా, బూజుకి కాగితమే మేత కాబట్టి. పైన 8+4, కింద 4+8 పెడితే బట్ జాయింట్లు ఒకదాని కింద ఒకటి రాలేదు. మెట్ల కింద స్టోరేజీ లోపలివైపు కూడా అరంగుళం మందం డ్రైవాల్ ఉండాలని బిల్డింగ్ కోడ్‌లో ఉంది, అక్కడ ముక్కలు ఎలా కుదిరితే అలా.

సీలింగ్‌కి అయితే చర్చే లేదు, జోయిస్టులకి (పైన అంతస్తుని మోసే దూలాలకి) అడ్డంగానే, షీట్ బలం పొడవు వైపే ఎక్కువ. షీట్లు పైకెత్తి పట్టే డ్రైవాల్ లిఫ్ట్ అద్దెకి తెచ్చి సీలింగే ముందు వేశాం, తర్వాత గోడ షీట్లు దాన్ని కింద నుంచి మోసేలా పైకి బిగించాం, కింద కాంక్రీటుకి అరంగుళం ఖాళీ వదిలాం, లేకపోతే తేమ లాగేస్తుంది. ఆ సందు బేస్‌బోర్డ్ (గోడ అడుగున కొట్టే చెక్క పట్టీ) వెనక పోతుంది.

ఇప్పుడు ప్రైమర్ దాకా వచ్చాం. లైట్లు అన్నీ వేసి చూస్తే పెద్ద గోడ మీద జాయింట్ ఎక్కడుందో నాకే తెలియట్లేదు, సంప్ గోడ మీద పై బట్ జాయింట్ పక్కనుంచి చూస్తే కొంచెం కనబడుతోంది, దానికి ఇంకో పల్చటి కోటు వేసి సాండింగ్ చేశాకే పెయింట్.